అమ్మి చూశాకే కొన్నాను

పాత నాణేలు సేకరించేవాళ్ళను ఎవరైనా ముందుగా అడిగేది ఒకటే: "ఇవన్నీ అమ్మితే ఎంతొస్తుంది?" మా వేమగల్‌లో ఈ ప్రశ్న ఇంకా సూటిగా వస్తుంది. కోలారు జిల్లా బంగారం తవ్విన నేల. ఇక్కడ లోహం విలువ తూకం వేస్తే తప్ప నమ్మరు. నాకూ ఆ పద్ధతే నచ్చింది. నాణేల మీద చెప్పుకోదగ్గ డబ్బు పెట్టకముందే, నా దగ్గరున్న వాటిలో కొన్నింటిని బెంగళూరు తీసుకెళ్ళి అమ్మి చూశాను. అప్పుడు తేలిన లెక్క మీదే నా సేకరణ ఇప్పటికీ నడుస్తోంది. ఈ సరదా మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఆ లెక్కనూ, దాన్నిబట్టి తీసుకున్న నిర్ణయాలనూ రాస్తున్నాను.

డబ్బు ఎక్కడి నుంచి

మాది పాడి ఉన్న ఇల్లు. రెండు పూటలా డైరీకి పాలు పోస్తాం. పాలబిల్లు ఇంటి ఖర్చుకు, దాణాకు సరిపోతుంది. ఏడాదికోసారి వచ్చే బోనస్‌లో నాలుగో వంతు నాణేలకని పక్కన పెడతాను. బోనస్ తగ్గిన ఏడాది నాణేలూ తగ్గుతాయి. అప్పు చేసి గానీ, డిపాజిట్ విరిచి గానీ ఒక్క నాణెం కూడా కొనలేదు.

వేమగల్ చుట్టుపక్కల పారిశ్రామికవాడ వచ్చినప్పుడు మా పొలంలో కొంత పోయి పరిహారం వచ్చింది. చేతిలో అంత సొమ్ము ఒకేసారి చూడటం మాకు అదే మొదలు. మా అమ్మాయి కెనడా చదువు, బ్యాంకు అప్పు, మిగిలింది డిపాజిట్: ఈ మూడింటికీ దాన్ని పంచేశాం. ఆ రోజుల్లో మంచి మంచి నాణేలు కళ్ళముందుకు వచ్చాయి. అయినా భూమి డబ్బులో ఒక్క రూపాయి వాటికి పెట్టలేదు. భూమి పోతే వచ్చిన సొమ్ము మళ్ళీ ఆదాయం తెచ్చే చోటే ఉండాలి. నాణెం వడ్డీ ఇవ్వదు, అద్దె ఇవ్వదు, పాలివ్వదు.

ఒకే బరువు, వేరే వెండి

నా సేకరణలో మన నాణేలతో పాటు కెనడా నాణేలూ ఉన్నాయి. అవి మొదట నా చేతికి వచ్చింది కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) దారిలో. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అక్కడ గని పని మొదలుపెట్టాక ఇంగ్లీషువాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగు, తమిళ కుటుంబాలు ఆ గనుల చుట్టూ ఊళ్ళు కట్టుకున్నాయి. తర్వాతి కాలంలో ఆంగ్లో ఇండియన్లలో చాలామంది బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాలకు వెళ్ళిపోయారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడి రాబర్ట్‌సన్‌పేటలో పాత సామాన్ల అంగడివాడి దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా నిండా చిల్లర దొరికింది. అందులో జార్జి ఆరో రాజు తల ఉన్న మన అర్ధరూపాయి, అదే రాజు తల ఉన్న కెనడా పావు డాలరు కలిసి ఉన్నాయి.

రెండింటినీ చిన్న త్రాసు మీద పెట్టాను. అరుగుదల తీసేస్తే రెండింటి బరువూ ఒకటే, 5.83 గ్రాములు. వెండి మాత్రం ఒకటి కాదు. మన అర్ధరూపాయిలో 1939 దాకా నూటికి 91.7 వంతులు వెండి ఉండేది, అంటే సుమారు 5.35 గ్రాములు. కెనడా పావు డాలరులో 80 వంతులు, అంటే 4.67 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన మన అర్ధరూపాయిలో సగమే వెండి. 1946 నుంచి వెండే లేదు, అంతా నికెల్. యుద్ధకాలంలో మన ప్రభుత్వం అమెరికా దగ్గర 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండి బదులు తెచ్చుకుంది. దాన్ని తిరిగి తీర్చాల్సి ఉండటంతో చిల్లరలోంచి వెండిని తప్పించారు.

కొనేముందు త్రాసుతో పాటు అయస్కాంతం కూడా దగ్గరుంచుకుంటాను. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి దానికి టక్కున అతుక్కుంటుంది, 1945 రూపాయి కదలదు. కెనడా డాలరూ అంతే. 1966ది అతుక్కోదు, 1968ది అతుక్కుంటుంది, ఎందుకంటే ఆ ఏడాది వాళ్ళూ నికెల్‌కు మారారు. వెండి అని చెప్పి అమ్మే నాణెం అయస్కాంతానికి అతుక్కుంటే ఇక బేరమే అక్కర్లేదు.

చేతికొచ్చే ధర

ఏ నాణేనికైనా మూడు ధరలు రాసుకుంటాను. మొదటిది లోహం ధర. గ్రాము స్వచ్ఛమైన వెండి నూరు రూపాయలనుకుంటే, 1939కి ముందటి బ్రిటిష్ రూపాయిలో ఉన్న 10.69 గ్రాములకు 1,069 రూపాయలు. 1935 నుంచి 1967 దాకా వచ్చిన కెనడా వెండి డాలరులో ఉన్న 18.66 గ్రాములకు 1,866 రూపాయలు. వెండి రేటు మారితే ఈ అంకెలు మారతాయి, గ్రాములు మారవు. రెండోది సేకరించేవాళ్ళు ఇచ్చే ధర. అది ఆ సంవత్సరం నాణెం ఎంత అరుదు, ఎంత చెక్కుచెదరకుండా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడోది, నేను అమ్మబోతే నా చేతిలో పడే ధర. పుస్తకాల్లో, వేలం జాబితాల్లో మొదటి రెండే కనిపిస్తాయి. ఇంటి లెక్కకు కావాల్సింది మూడోది.

దాన్ని తెలుసుకోవడానికే బెంగళూరు వెళ్ళాను. నేను 4,000 రూపాయలు పెట్టి కొన్నవాటికి వ్యాపారి 2,800 ఇచ్చాడు. అది అన్యాయపు ధర కాదు. అతను దుకాణం అద్దె కట్టాలి, నెలల తరబడి సరుకు పెట్టుకోవాలి, కొనేవాడు వచ్చేదాకా ఓపిక పట్టాలి. అందుకే నూటికి ముప్పై వదులుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 2,800 మళ్ళీ 4,000 కావాలంటే నాణెం ధర దాదాపు 43 శాతం పెరగాలి. అదే 4,000 ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే అయిదేళ్ళలో 5,600 దాటుతుంది. అంటే నాణెం ధర బాగా పెరిగినా అయిదేళ్ళ తర్వాత నా అసలు నాకొస్తుంది, వడ్డీ మాత్రం పోయినట్టే.

ఈ లెక్క నన్ను నాణేలకు దూరం చేయలేదు, ఇంకా దగ్గర చేసింది. వాటి నుంచి డబ్బు ఆశించడం మానేశాక వాటిని చూడటంలో, చదవడంలో ఉన్న ఆనందం పూర్తిగా దక్కింది. మా ఇంటి ఆస్తుల పట్టికలో నాణేల విలువ సున్నా అని రాస్తాను. వెండి మీదే పెట్టుబడి పెట్టాలనుకునేవాళ్ళు వెండే కొనుక్కోవాలి, పాత నాణేలు కాదు.

ఒకే చరిత్ర, రెండు ధరలు

నా నిర్ణయాల్లో నాకు బాగా నచ్చినది ఇది. 1937 నుంచి 1947 దాకా కెనడా నాణేల మీద రాజు తల చుట్టూ ఉండే లాటిన్ అక్షరాల చివర "ఎట్ ఇండ్ ఇంప్" అని ఉంటుంది. భారతదేశ చక్రవర్తి కూడా ఈయనే అని చెప్పే బిరుదు అది. 1947 ఆగస్టులో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ బిరుదు తీసేసిన కొత్త అచ్చులు లండన్ నుంచి రావాలి, అవి ఆలస్యమయ్యాయి. చిల్లర అవసరం ఆగదు కాబట్టి ఒట్టావా టంకశాల 1948లో కూడా 1947 అచ్చులతోనే నాణేలు కొట్టింది. వాటిని గుర్తుపట్టడానికి సంవత్సరం పక్కన చిన్న మేపుల్ ఆకు వేసింది. ఢిల్లీలో జెండా మారితే, అన్ని వేల మైళ్ళ అవతల జనం జేబుల్లో తిరిగే సెంటు మీద ఒక ఆకు మొలిచింది.

కొత్త అచ్చులు వచ్చేసరికి 1948లో చాలా కాలం గడిచిపోవడంతో ఆ ఏడాది తేదీతో వెండి డాలర్లు 18,780 మాత్రమే వచ్చాయి. ఇప్పుడు మంచి స్థితిలో ఉన్న 1948 డాలరు కావాలంటే వెయ్యి కెనడా డాలర్లకు పైనే పెట్టాలి. లోపల ఉన్న వెండి మాత్రం మామూలు ఏడాది డాలరులో ఉన్నంతే. అదే ఆకు గుర్తున్న 1947 సెంట్లను కోట్లలో కొట్టారు. అవి చిల్లర ధరకే దొరుకుతాయి.

మా అమ్మాయి ఫోన్ చేసి, "నాయనా, ఆ 1948 డాలరు ఇక్కడ ఒక అంగట్లో ఉంది, నేను కొనిపెడతా" అంది. "వద్దమ్మా, ఆకున్న సెంటొకటి, 1948 సెంటొకటి తీసుకురా, చాలు" అన్నాను. రెండూ తెచ్చింది. భూతద్దం కింద పెడితే ఒకదాని మీద ఇండియా పేరుంది, ఇంకోదాని మీద లేదు. అంత ఖరీదైన నాణెం చెప్పే కథ మొత్తం ఆ రెండు రాగి నాణేలూ చెబుతున్నాయి. కథ కావాలనుకునేవాళ్ళు అరుదైన నాణెం కోసం అప్పుల్లో పడనక్కర్లేదు.

1911లోనూ ఇలాంటి జోడీయే ఉంది. ఆ ఏడాది కెనడా నాణేల మీద రాజు పేరు పక్కన "దేవుని దయవల్ల" అనే లాటిన్ మాట లేకపోయేసరికి జనం గొడవ చేశారు, 1912లో మళ్ళీ చేర్చారు. 1911లోనే మన రూపాయి మీద జార్జి అయిదో రాజు అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపించి అలజడి రేగింది. టంకశాల చాలా నాణేలను వెనక్కి తీసుకుని కరిగించింది. ఆ 1911 రూపాయి కొనాలంటే ఎక్కువ పెట్టాలి, కెనడా 1911 సెంటు చవక. నా దగ్గర ఉన్నది సెంటే.

టోకెన్లు

కెనడాలో 1858కి ముందు సొంత చిల్లర సరిగ్గా ఉండేది కాదు. బ్యాంకులూ వ్యాపారులే రాగి టోకెన్లు వేయించి చెలామణీ చేశారు. బ్యాంక్ ఆఫ్ అప్పర్ కెనడా 1850 నుంచి 1857 దాకా గుర్రం మీద సెయింట్ జార్జి ఉన్న పెన్నీలు తెచ్చింది. ఆ బ్యాంకు 1866లో మూతపడింది. హడ్సన్స్ బే కంపెనీ వేయించిన ఇత్తడి టోకెన్ల విలువ డబ్బులో కాదు, బీవర్ తోళ్ళలో ఉండేది. ఇరవయ్యో శతాబ్దంలో పాల టోకెన్లు వచ్చాయి. ముందే డబ్బు కట్టి టోకెన్లు కొనుక్కుని, ఖాళీ సీసాతో పాటు గుమ్మం ముందు పెడితే పాలవాడు దాన్ని తీసుకుని నిండు సీసా పెట్టేవాడు. పాలు పోసి బతికే ఇంట్లో పుట్టిన నాకు ఆ పల్చటి అల్యూమినియం బిళ్ళలంటే ప్రాణం.

టోకెన్ ఒక మాట మాత్రమే. మాట ఇచ్చిన అంగడి ఉన్నన్నాళ్ళే దాని విలువ. అంగడి మూతపడ్డాక అందులో మిగిలేది కాసింత లోహం, దాన్ని ఇష్టపడే మనుషులు. ఇండియాలో కెనడా పాల టోకెన్ కొనేవాళ్ళు నాకు ఒక్కరు కూడా కనిపించలేదు. అందుకే ఒక టోకెన్‌కు అయిదు వందల రూపాయలు మించి పెట్టకూడదని కట్టుబాటు పెట్టుకున్నాను. నెలకు ఇంత రాబడి అని చూపించే పత్రాలు, ప్రీపెయిడ్ కార్డులు చూసినప్పుడు కూడా ఇదే అడుగుతాను: దీన్ని ఇచ్చినవాడు లేకపోతే ఇందులో ఏం మిగులుతుంది?

ఊళ్ళో నేను చెప్పేవి

ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు, వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామని ఫోన్లలో ప్రకటనలు వస్తుంటాయి. మా వీధి కుర్రాడొకడు వచ్చి, "మామా, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు, కట్టేదా?" అన్నాడు. వద్దన్నాను. పాత నోట్లు, నాణేల అమ్మకానికి తన పేరు చెప్పి ఫీజులు, పన్నులు అడుగుతున్నారని, వాటితో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

రెండోది చింతపండు. ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టే పాత రాగి నాణేలనూ చింతపండుతో తోమి తళతళలాడించి తెస్తుంటారు. నల్లబడిన ఆ పొర ఏళ్ళ తరబడి కూర్చుంటే గానీ రాదు. అది పోతే సేకరించేవాళ్ళు ఇచ్చే ధరలో చాలా భాగం పోతుంది. తోమకండి, అంచులు పట్టుకోండి, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కాకుండా కాగితం కవర్లలో పెట్టండి.

మూడోది చట్టం. మాది హైదరాలీ పుట్టిన బూదికోట ఉన్న జిల్లా. టిప్పు ఏనుగు పైసలు, మూడో కృష్ణరాజ ఒడెయరు మయిలి కాసులు ఇక్కడ పాత ఇళ్ళలో ఇంకా ఉంటాయి. ఇంట్లో తరాలుగా ఉన్నవి ఉంచుకోవచ్చు. పునాది తవ్వుతుంటే కుండ బయటపడితే మాత్రం జిల్లా అధికారులకు చెప్పాల్సిందే. అలాగే, నూరేళ్ళు దాటిన నాణేలను దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

ఈ చట్టం వల్లే నా సేకరణను రెండుగా విడదీశాను. కెనడా నాణేల్లో, టోకెన్లలో నూరేళ్ళు దాటనివి అమ్మాయికి. నూరేళ్ళు దాటినవి, వాటితో పాటు మైసూరు, బ్రిటిష్ ఇండియా నాణేలు ఇక్కడే ఉండే మా తమ్ముడి కొడుక్కి. ఒక్కో నాణేనికి నోటుపుస్తకంలో ఒక వరుస ఉంది: ఏది, ఎక్కడ కొన్నది, ఎంత పెట్టాను, బరువెంత, లోపలి వెండి ఎంత, ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది. బిల్లులన్నీ దానికే కుట్టి ఉంచాను. సేకరించిన మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు తెలియక కిలోల లెక్కన అమ్మేయడం నేను చూశాను. వెయ్యి రూపాయల నాణెం కొనగలిగినవాళ్ళు పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనాలి, ముందు అది కొనాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా ఒక్కటే. మొదట చవకైనవి కొన్ని కొనండి, నెల తిరక్కుండానే అందులో ఒకటి అమ్మండి. ఎంత తక్కువ వచ్చిందో చూశాక కూడా మళ్ళీ కొనాలనిపిస్తే, ఇక నిశ్చింతగా కొనుక్కోండి. ఆ తేడా ఈ సరదాకు మీరు కట్టే ఖరీదు. ఇంటి ఖర్చు, పొదుపు, పిల్లల చదువు పోను మిగిలినదాంట్లోంచి దాన్ని కట్టగలిగితే, జీవితాంతం తనివితీరని చదువు మీ చేతుల్లో ఉన్నట్టే.