నా బీపీ పుస్తకంలో మూడో గడి

బీపీ ఉన్నవాళ్ళకి ఎవరైనా సలహా చెప్పేస్తారు. ఉప్పు తగ్గించు, పచ్చళ్ళు మానెయ్, పొద్దున్నే నడు, దేనికీ టెన్షన్ పడకు. నేనూ ఇవన్నీ విన్నాను. విన్నవన్నీ చేశాను. అమలాపురం దగ్గర పల్లెలో, ఆవకాయ లేకపోతే ముద్ద దిగని ఇంట్లో పెరిగినదాన్ని, ఆ జాడీ వైపు చూడడమే మానేశాను. అయినా 2017 నవంబరులో ఒక రాత్రి నా బీపీ 210/124కి వెళ్ళింది. ఎడమకంటి చూపు సగం పోయింది. ఆ రోజుల్లో ఢిల్లీలో నేను ఎలాంటి గాలి పీల్చానో ఆసుపత్రిలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, నాది బ్యాంకు. 2009లో ఢిల్లీ వెళ్ళాం. మూడేళ్ళకు నాకు బీపీ బయటపడింది. అమ్మకీ ఉంది కాబట్టి పెద్దగా కంగారుపడలేదు. నాన్నగారు ఊళ్ళో డాక్టరుగారి దగ్గర కాంపౌండరుగా చేసేవారు. మందు వేసుకుంటే సరిపోదు, అంకెలు రాసుకోవాలి అని చెప్పి, ఎలా చూసుకోవాలో ఆయనే నేర్పారు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, వీపు కుర్చీకి ఆనాలి, కాళ్ళు నేలమీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టాలి, మాట్లాడకూడదు. రెండుసార్లు చూసి రెండో అంకె రాసుకోవాలి. అప్పటినుంచి గళ్ళ నోటుపుస్తకంలో పొద్దునా రాత్రీ రాస్తూనే ఉన్నాను. పైన అంకె ఒక గడిలో, కింద అంకె ఒక గడిలో. టెల్మిసార్టాన్ 40 ఒక్క మాత్రతో 130/82 దగ్గర ఏళ్ళ తరబడి నిలకడగా ఉండేది.

దసరా దాటాక మాత్రం ఏటా కొంచెం పెరిగేది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, సహజమే అనేవారు డాక్టరు. అది నిజమే, చలికాలంలో బీపీ పెరుగుతుంది. సంక్రాంతి వెళ్ళాక తగ్గిపోయేది, మేమూ మరిచిపోయేవాళ్ళం.

2017లో దీపావళి అక్టోబరు 19న వచ్చింది. ఢిల్లీ చుట్టుపక్కల టపాకాయలు అమ్మకూడదని సుప్రీంకోర్టు ఆపింది. ఈసారైనా కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నాం. అసలు గండం తరవాత వచ్చింది. పంజాబ్, హర్యానా పొలాల్లో వరి కోశాక మిగిలిన మోళ్ళకు నిప్పు పెట్టారు, ఆ పొగ ఇటు మళ్ళింది. గాలి కదలిక లేదు. శీతాకాలంలో నేల దగ్గర చల్లగాలి, దానిమీద వెచ్చని గాలి పొర మూతలా కూర్చుంటాయి. వాహనాల పొగ, రోడ్ల దుమ్ము, ఇళ్ళు కట్టేచోట లేచే ధూళి, చెత్త తగలబెట్టిన పొగ పైకి పోయే దారి లేక అన్నీ మనం పీల్చే ఎత్తులోనే నిలిచిపోయాయి. నవంబరు 7 పొద్దున తలుపు తీస్తే ఎదురింటి బాల్కనీ కనపడలేదు. గాలి నాలుకకు తగిలింది, ఇనుము నాకినట్టు. తులసికోట దగ్గర దీపం పెట్టబోయి, ఆకులు వాడినట్టున్నాయని తడిబట్టతో తుడిచాను. ఒక్కో ఆకుకీ బట్టమీద ఒక నల్లటి చార. ముందురోజు సాయంత్రమే ఆ మొక్కకు తలమీంచి నీళ్ళు పోశాను.

మన దేశం పెట్టుకున్న హద్దు ప్రకారం సన్నని ధూళి, అంటే పీఎం 2.5, రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ వారంలో ఢిల్లీలో చాలాచోట్ల వందల్లో ఉంది. వైద్యుల సంఘం దీన్ని ఆరోగ్య ఎమర్జెన్సీ అంది. బడులు మూసేశారు. బ్యాంకులు మూయలేదు. రింగ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను, ఎప్పటిలాగే చున్నీ ముక్కుకు చుట్టుకుని. గుడ్డ పోగుల మధ్య సందుల్లోంచి ఆ సన్నటి ధూళి సులువుగా దూరిపోతుందని తరవాత తెలిసింది.

పుస్తకంలో ఆ వారం అంకెలు ఇప్పటికీ ఉన్నాయి: 144, 152, 158, 164. కాలనీ పక్క క్లినిక్కుకి వెళితే డాక్టరు పుస్తకం తెరవకుండానే అడిగారు, "ఆచార్ తింటారా?" అని. మా తెలుగువాళ్ళకి అదొక ముద్ర. తినడంలేదని చెప్పినా నమ్మినట్టు లేదు. ఆమ్లోడిపిన్ కలిపి పంపించారు. అది పూర్తిగా పనిచెయ్యడానికి వారం పైగా పడుతుంది. అంత గడువు నాకు దొరకలేదు.

ఆ రాత్రి వంటింట్లో అన్నం వారుస్తుంటే తల వెనక మొదలైన పోటు కణతల్లోకి పాకింది. వాంతి అయింది. ట్యూబులైటు చుట్టూ రంగుల వలయం కనపడింది. ముందు అది గదిలోకొచ్చిన పొగమంచనే అనుకున్నాను. కుడికన్ను మూసి చూస్తే గోడ గడియారంలో ముళ్ళ చోట బూడిదరంగు మరక.

"ఏమండీ, కన్ను కనపడట్లేదు" అన్నాను.

ఆయన మిషను తెచ్చి పట్టీ కట్టారు. మొదటిసారి ఎర్రర్ చూపించింది. రెండోసారి 210/124. ఆయన చేతులు వణకడం పెళ్ళయ్యాక అప్పుడే చూశాను.

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు కిటకిటలాడుతోంది. సగంమంది ముక్కులకు నెబ్యులైజరు గొట్టాలు. కారిడార్లో దీపాల చుట్టూ లోపల కూడా పొగ. కుర్ర డాక్టరు మొదట అడిగింది, మాత్రలు ఎన్నాళ్ళనుంచి మానేశారు అని. మానలేదన్నాను. అందరూ అలాగే అంటారన్నాడు. మా ఆయన జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపిస్తే, ఖాళీ అయిన గుంటలు తేదీలతో సరిచూశాడు. అంత నొప్పిలోనూ నాకు ఏడుపు వచ్చింది ఆ లెక్క చూసే. ఏళ్ళ తరబడి నోరు కట్టుకుని, పూట తప్పకుండా మందు వేసుకున్న మనిషిని దొంగలా సోదా చేస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

వైద్యం మాత్రం బాగా చేశారు. ఐసీయూలో నరంలోకి మందు ఎక్కిస్తూ, గంట గంటకీ కొంచెం కొంచెంగా దించారు. ఒక్కసారిగా దించేస్తే మెదడుకి రక్తం చాలదట. స్కానింగులో మెదడులో రక్తస్రావం లేదు. మూత్రపిండాలు, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, కిడ్నీకి వెళ్ళే నాళాలు అన్నీ చూశారు, దేనిలోనూ దోషం లేదు. కంటి డాక్టరు మాత్రం చాలాసేపు లైటు వేసి చూసి, రెటీనా మీద మంట నాలుకల ఆకారంలో రక్తపు చారలున్నాయి, దూదిపింజల్లాంటి తెల్ల మచ్చలున్నాయి, నరం మొదలు వాచింది అన్నారు. కొంత తిరిగొస్తుంది, అంతా రాకపోవచ్చు అన్నారు. ఆయన చెప్పినట్టే అయింది. ఎడమకంటితో ఇప్పటికీ దినపత్రిక చదవలేను.

సెలవు పెట్టి ఇంట్లో ఉండగా డిసెంబరు 3న కోట్లా మైదానంలో టెస్ట్ మ్యాచ్. శ్రీలంక ఆటగాళ్ళు మాస్కులు కట్టుకుని ఫీల్డింగ్ చేశారు, బౌలర్లు ఊపిరాడక బయటికి వెళ్ళారు, ఆట కాసేపు ఆగింది. దేశమంతా చూసింది. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "వాళ్ళకి ఊపిరాడకపోతే ఆట ఆపారు. నీకు ఎవరే ఆపేది, అమ్మడూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

తరవాత ఒక పెద్ద వయసు డాక్టరు దగ్గరికి మార్చుకున్నాను. నా పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసిన మొదటి మనిషి ఆయనే. ఉప్పు గురించి ఒక్క మాటా అనలేదు. "బస్సుకి ఎక్కడ నిలబడతారు? ఎంతసేపు? పడకగది కిటికీ రోడ్డు వైపేనా?" అని అడిగారు. తరవాత తీరిగ్గా చెప్పారు. పెద్ద దుమ్ము రేణువులు చాలావరకు ముక్కులో, గొంతులో చిక్కుకుంటాయి. వెంట్రుకలో ముప్పయ్యో వంతు ఉండే సన్నవి ఊపిరితిత్తుల అడుక్కి వెళ్ళిపోతాయి. అక్కడి నరాలు ఆపద వచ్చిందని మెదడుకి కబురు పెడతాయి, గంటల్లోనే రక్తనాళాలు బిగుసుకుంటాయి. రోజులు గడిచేకొద్దీ ఒళ్ళంతా లోలోపల వాపు మొదలవుతుంది, నాళాల లోపలి పొర సడలే గుణం పోగొట్టుకుంటుంది. ఏళ్ళు గడిస్తే నాళాలే గట్టిపడతాయి. "మీ కన్ను గాలివల్లే పోయిందని నేను రాసివ్వలేను. ఎవరూ రాసివ్వలేరు. వేలమందిని కలిపి చూస్తే కనపడేది ఒక్క మనిషిలో వేరుచేసి చూపించలేం. కానీ ఈ పుస్తకంలో మూడో గడి గీయండి, ఆరోజు గాలి అంకె రాయండి" అన్నారు. కాలుష్య నియంత్రణ బోర్డు వెబ్‌సైటులో మాకు దగ్గరి స్టేషను రీడింగు గంటగంటకీ వస్తుంది. ఆ రోజే గడి గీశాను.

సంక్రాంతికి కోనసీమ వెళ్ళాను. అవే మాత్రలు. వారం తిరిగేసరికి 126/78. అమ్మ బలవంతాన పండగపూట ఆవకాయ కూడా తిన్నాను. భోగి మంట దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. అయినా ఆ అంకె చూసి నేను గాలి మహిమ అనుకోలేదు, అక్కడ చలి తక్కువ, పని ఒత్తిడి లేదు. నన్ను నమ్మించింది 2018 జూన్. వేసవిలో నా బీపీ బాగా తగ్గేది, మాత్ర తగ్గించేవారు కూడా. ఆ నెల మధ్యలో రాజస్థాన్ నుంచి ధూళి వచ్చి ఢిల్లీ మీద పడింది. ఆకాశం మట్టిరంగు. పగలే లైట్లు. నలభై డిగ్రీల ఎండ, చలి ఊసే లేదు. మూడో గడిలో అంకెలు నవంబరును తలపించాయి. మర్నాటినుంచి మొదటి గడిలో అంకె 118 నుంచి 138కి, 142కి ఎక్కింది. ఆ పేజీ నేను ఎంతమందికో చూపించాను.

ఆ ధూళి తగ్గేదాకా ఊళ్ళో ఇళ్ళ కట్టుబడి పనులన్నీ ఆపమని ప్రభుత్వం ఆర్డరు వేసింది. మా కాలనీ పక్కన ఫ్లాట్లు కట్టే చోట శ్రీకాకుళం కూలీలు ఉండేవారు. పాలకొండ వైపు మనిషి ఒకావిడ, నా తెలుగు విని చనువుగా వచ్చేది. ఆ రోజుల్లో వచ్చి గుమ్మంలో కూర్చుని, "దుమ్ము లేత్తందని పని ఆపీసినార్రమ్మా. కూలి నేదు" అంది. నేను పట్టీ కట్టుకుని ఉండడం చూసి, "నాకూ ఓపాలి కట్టి సూడమ్మా" అని చెయ్యి చాపింది. మోచేతి మడతల్లో సిమెంటు తెల్లగా గారకట్టి ఉంది. కడిగినా పోదట. 168/104. కాసేపాగి మళ్ళీ చూశాను, అంతే. నలభై ఏళ్ళైనా లేవు, అంతకుముందు ఎవరూ ఆమె బీపీ చూడలేదు. మర్నాడు మొహల్లా క్లినిక్కుకి తీసుకెళ్ళాను, మందు ఉచితంగా ఇచ్చారు. నేను ఎన్95 మాస్కు కొనుక్కున్నాను, పడకగదికి గాలి శుభ్రం చేసే మిషను కొనుక్కున్నాను. ఇసుక జల్లెడ పట్టే ఆ మనిషికి చీర కొంగు తప్ప ఏమీ లేదు. ఈ దుమ్ము ఎవరి రక్తనాళాలను ముందు పట్టుకుంటుందో నాకు ఆమె చెయ్యి చూశాక తెలిసింది.

మాస్కు ఊరికే ధైర్యం కోసం కాదు. బీజింగ్‌లో గుండెజబ్బు ఉన్నవాళ్ళకి మంచి మాస్కు కట్టి నడిపిస్తే, కట్టని రోజు కంటే బీపీ తక్కువుందని 2012లోనే తేల్చారు. 2020లో ఢిల్లీ మీదే ఒక అధ్యయనం వచ్చింది, ఐదువేలమందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి చూసి చేసినది. ఏడాదిపాటు ఎక్కువ పీఎం 2.5 పీల్చినవాళ్ళలో పై అంకె సగటున 3 పాయింట్లకు పైగా ఎక్కువ, కొత్తగా బీపీ వచ్చే ముప్పూ ఎక్కువ. మూడు పాయింట్లేగా అంటారు కొందరు. గట్టు అంచున ఉన్నవాడికి మూడు పాయింట్లు చాలు. పైగా కోటిన్నర పైబడిన జనంలో ఒక్కొక్కరికీ మూడు పాయింట్లంటే ఎన్ని పక్షవాతాలో, ఎన్ని గుండెపోట్లో డాక్టర్లకు తెలుసు. హైదరాబాదు శివారు పల్లెల్లో చేసిన అధ్యయనం అంతకు ముందు ఏడాదే వచ్చింది. అక్కడ సన్నధూళి పెరిగేకొద్దీ ఆడవాళ్ళ బీపీ ఎక్కువగా కనపడింది, మగవాళ్ళలో అలా తేలలేదు. పట్నం రోగమనుకుని మనవాళ్ళు నిశ్చింతగా ఉండడానికి లేదు.

2019లో రాజమండ్రికి బదిలీ అయింది. ఇక్కడా ఇసుక లారీలు, చెత్త మంటలు ఉన్నాయి. గాలి బాగుచేయాల్సిన ఊళ్ళని కేంద్రం రాసుకున్న జాబితాలో ఆంధ్రలోవి 13, అందులో రాజమండ్రీ ఉంది. అయినా మూడో గడిలో ఢిల్లీ అంకెలు మళ్ళీ చూడలేదు. మాత్రలు రెండు కాస్తా ఒకటయ్యాయి. ఆ ఒకటి మాత్రం ఉంటుందన్నారు.

పాలకొండ ఆవిడ కూడా ఊరికి వెళ్ళిపోయింది. ఒకరోజు ఫోన్ చేసింది. "ఇప్పుడు దుమ్ములో లేను గదమ్మా, మాత్తర మానీమంతావా?" అని. వద్దన్నాను. గట్టిపడ్డ నాళాలు ఊరు మారగానే మెత్తబడవని, డాక్టరు చెప్పకుండా ఒక్క పూటా మానొద్దని, ముందు వారం పాటు ఆశా కార్యకర్త చేత చూపించుకుని నాకు చెప్పమన్నాను. చెప్పింది. 146, 150, 144. మాత్ర వేసుకుంటూనే ఉంది.