పదికి ఎనిమిది

పోయిన వేసవి సెలవుల్లో నాకు ఇంటర్న్‌షిప్ రాలేదు. దాని బదులు నలభై రోజుల పాటు ఒక కుక్క వెనక కాళ్ళు చూశాను. జోక్ కాదు, ఎక్సెల్ షీటు ఇప్పటికీ ఉంది.

కుక్క మా అక్కది. అక్క అంటే పెద్దమ్మ కూతురు, డాలస్ దగ్గర ఉంటుంది. అక్కడి షెల్టర్ నుంచి తెచ్చుకుంది, ఏ జాతో ఎవరికీ తెలీదు. తెల్లటి ఒంటి మీద లేత గోధుమరంగు చుక్కలుంటాయని బూందీ అని పేరు పెట్టింది. అక్కడివాళ్ళు ‘బూండీ’ అంటారు. అలా పిలిచినా పరిగెత్తుకొస్తుంది, దానికి పట్టింపుల్లేవు.

బూందీకి అక్క నేర్పిస్తున్న ఆట పేరు అజిలిటీ. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షో మధ్యలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని, గుర్రాల జంపింగ్ పోటీల్లాంటిదే కుక్కలతో చేయించారు. అక్కడ మొదలైంది. హర్డిల్స్, సొరంగాలు, వరసగా నిలబెట్టిన కర్రల మధ్య మెలికలు, ఎత్తైన చెక్కల మీద పరుగు. మనిషి పక్కనే పరిగెడుతూ దారి చూపించాలి, కుక్కని ముట్టుకోకూడదు.

కష్టమంతా డాగ్‌వాక్ అనే వంతెన దగ్గర. 12 అడుగుల చెక్కలు మూడు: ఒకటి ఎక్కడానికి, ఒకటి నాలుగు అడుగుల ఎత్తున అడ్డంగా, ఒకటి దిగడానికి. వెడల్పు ఒక్క అడుగే. దిగే చెక్క చివర పసుపు రంగు వేసి ఉంటుంది. అక్క ఆడే అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీల్లో అది 42 అంగుళాలు. కుక్క పాదం ఒక్కటైనా ఆ పసుపులో పడి తీరాలి, పడకపోతే ఆ రౌండు పోయినట్టే. పైనుంచి దూకి దెబ్బలు తగిలించుకోకుండా పెట్టిన నియమం ఇది. కానీ పరుగు మీదున్న కుక్కకి పసుపు గొడవ ఏం తెలుస్తుంది? నేల కనపడగానే గాల్లోకి లేస్తుంది.

చాలామంది దీనికి ఆగడం నేర్పిస్తారు. వెనక కాళ్ళు చెక్క మీద, ముందు కాళ్ళు నేల మీద పెట్టి నిలబడాలి, ‘పద’ అన్నాకే కదలాలి. నమ్మకమైన పద్ధతే. కాకపోతే టైమ్ పోతుంది, పైగా అంత పరుగులో వచ్చి ఆగితే భుజాల మీద బరువు పడుతుంది. రెండో దారి రన్నింగ్ కాంటాక్ట్. ఆగకుండా, దూకకుండా, పరుగులోనే పసుపు తొక్కి వెళ్ళిపోవడం. మన క్లబ్‌లో దీనికి తెలుగు మాట అడిగితే ‘ధావన స్పర్శ’ అన్నారు. వద్దులెండి.

సెకనుకి ఆరు మీటర్లు పరిగెత్తే కుక్క ఆ పసుపు మొత్తాన్నీ సెకనులో ఐదో వంతు కూడా పట్టకుండా దాటేస్తుంది. ‘ఇక్కడ తొక్కు’ అని మనం అరిచేలోపు అది సొరంగంలో ఉంటుంది. అంటే అప్పటికప్పుడు చెప్పి చేయించేది కాదు, అడుగుల లెక్క దాని ఒంటికే అలవాటవ్వాలి.

అక్క ఎంచుకున్నది మ్యాట్ పద్ధతి. మ్యాట్ లేకుండా నేర్పేవాళ్ళూ ఉన్నారు. స్లొవేనియాకి చెందిన సిల్వియా ట్రక్మన్, చెక్కని ముందు నేల మీద పెట్టి పరిగెత్తించి, దాన్నే కొంచెం కొంచెంగా ఎత్తుకుంటూ పోయే పద్ధతితో పేరు తెచ్చుకున్నారు. అక్కకి మాత్రం మ్యాటే నచ్చింది. "ఎక్కడ తొక్కాలో దానికి కనపడాలి కదరా" అంటుంది. పాత యోగా మ్యాట్ కోసి పెరట్లో గడ్డి మీద పరిచింది. మొదట్లో బూందీ దాని మీద కాలు పెడితే చాలు, చికెన్ ముక్క. తర్వాత దాని మీదుగా నడవాలి. తర్వాత పరుగు. ముక్క చేత్తో ఇస్తే కుక్క మన వైపు తల తిప్పి అడుగు తప్పుతుంది. అందుకని సరిగ్గా తొక్కిన క్షణంలో ‘యెస్’ అని, బంతిని సూటిగా ముందుకి విసరాలి. నేల మీద కుదిరాక మ్యాట్ చెక్క చివరికి ఎక్కుతుంది, చెక్క ఇటుకల మీదకి ఎక్కుతుంది. ఆఖర్న మ్యాట్‌ని కత్తిరిస్తూ కత్తిరిస్తూ లేకుండా చెయ్యాలి, పోటీలో అది ఉండదు కదా. నెలలు పట్టే పని. నేను చేరేసరికి నేల మీద పని అయిపోయి, చెక్క మొదటి ఇటుక మీద ఉంది.

నా ఉద్యోగం ఇదీ: పాదం పడిందా లేదా అన్నది కంటికి అందదు. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య బూందీ ఇరవై సెంటీమీటర్లు వెళ్ళిపోతుంది. అందుకని 240 ఫ్రేముల స్లో మోషన్. టెక్సాస్ ఎండ ముదరకముందే, ఉదయం ఆరున్నరకి, అక్క పది పరుగులు తీసి పంపేది. ఖమ్మంలో మాకు సాయంత్రం ఐదు. నేను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూసి షీటులో రాయాలి. వెనక పాదాలు మ్యాట్ మీద పడ్డాయా? ఒకదాని తర్వాత ఒకటి విడిగా పడ్డాయా, జంటగా పడ్డాయా? విడిగా పడితే పరుగు. రెండూ పక్కపక్కన ఒకేసారి పడితే అది దూకడం, మ్యాట్ మీదే పడినా లెక్కలోకి రాదు. వరసగా రెండు రోజులు పదికి ఎనిమిది వస్తేనే చెక్క ఇంకాస్త ఎత్తాలి. అది తన ట్రైనర్ పెట్టిన లెక్క. నా షీటు చూసుకునే అక్క తన కన్ను సరిచేసుకునేది. నేను హిట్ అన్నదానికే మర్నాడు బంతి పడేది.

మొదట్లో హీరోలాగా ఓపెన్‌సీవీతో కోడ్ రాశాను. అది బూందీ పాదాలకన్నా అక్క చెప్పుల్నే ఎక్కువసార్లు పట్టుకుంది. ఇక చేత్తోనే. "ఎంసెట్‌కి కూడా ఇంత శ్రద్ధగా కూర్చోలేదు కదరా" అంది అమ్మ.

రెండో వారంలో అక్క ఉద్యోగం పోయింది. హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. "అమ్మకి చెప్పకు" అంది నాతో. పెద్దమ్మ వాళ్ళిల్లు మా వీధి చివరే. ఆవకాయ ముక్కలు కొట్టించడానికి మా ఇంటికొచ్చి, "అక్కతో రోజూ మాట్లాడుతున్నావంటగా, ఎలా ఉందిరా, తింటోందా" అని అడిగేది. "బూందీ బాగా చేస్తోంది పెద్దమ్మా" అనేవాణ్ణి. అబద్ధం ఆడకుండా చెప్పగలిగే మాట అదొక్కటే ఉండేది. కొన్నాళ్ళకి అదీ అబద్ధమైంది.

అక్క మెసేజ్‌లు మారిపోయాయి. "ఈరోజు రెండు రిజెక్షన్లు. బూందీకి ఎంత?" ఆ రోజు నిజానికి ఆరు. ఏడో పరుగులో ఎడమ పాదం మ్యాట్ అంచు మీద ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. హిట్ అని రాశాను. మూడో పరుగులో రెండు కాళ్ళూ దాదాపు కలిసే పడ్డాయి. దాదాపు అంటే విడిగానే కదా అనుకున్నాను. పదికి ఎనిమిది అని పంపాను. తిరిగొచ్చిన వాయిస్ నోట్‌లో అక్క నవ్వు వినపడింది, చాలా రోజులకి. మర్నాడూ అదే పని చేశాను. ఇటుకలు పెరిగాయి.

ఐదో వారం శనివారం, క్లబ్ మైదానంలో అసలు డాగ్‌వాక్. మ్యాట్ అప్పటికి సగం అయింది. వీడియో రాత్రి వచ్చింది. బూందీ మొదటి చెక్క, రెండో చెక్క బ్రహ్మాండంగా పరిగెత్తింది. మూడో చెక్క మీద, పసుపు ఇంకా మొదలవ్వకముందే, వెనక కాళ్ళు రెండూ జంటగా పెట్టి లేచింది. సెకనుకి 240 ఫ్రేముల్లో అది చాలాసేపు గాల్లోనే ఉంది. ముందు కాళ్ళ మీద పడింది, గడ్డం నేలకి తగిలింది, లేచి బంతి ఎక్కడా అని అక్క వైపు చూసింది. దెబ్బలేం తగల్లేదు. తర్వాత మూడుసార్లూ అంతే. "నాకేం అర్థం కావట్లేదురా. ఎనిమిదులు వచ్చాకే కదా పైకి ఎత్తాను" అని మెసేజ్.

ఆ రాత్రి మూడు వారాల వీడియోలు మళ్ళీ తీశాను. మొత్తం 210 పరుగులు. ఏది ఏ రోజుదో నాకే తెలియకుండా ఉండటానికి చిన్న స్క్రిప్టు రాసి, పేర్లు మార్చి కలగాపులగం చేసి, మొదట్నుంచీ మార్కులేశాను. తెల్లారింది. హిట్ అని నేను రాసినవాటిలో 41 హిట్లు కావు. ఎనిమిదులన్నీ ఆరులు, ఐదులు. అవి కూడా ఎక్కువగా ఒకే రకం, జంట పాదాలవి. అంటే బూందీ శనివారం కొత్తగా దూకలేదు. మూడో ఇటుక దగ్గర్నుంచీ దూకుతోంది, దూకినప్పుడల్లా బంతి పడుతోంది. పాపం అది మేము నేర్పిందే చేసింది. మేము అనడం కూడా తప్పు, నేను నేర్పింది.

ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"నా మీద జాలిపడ్డావా?"

"అది కాదక్కా..."

"నాతో మాట్లాడే ప్రతివాడూ ‘నీ ప్రొఫైల్ సూపర్’ అనే చెప్తున్నాడ్రా. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడివి నువ్వొక్కడివి ఉన్నావనుకున్నా."

పెట్టేసింది. రెండు రోజులు వీడియో రాలేదు. ఐదయ్యేసరికి ఫోన్ పట్టుకుని మేడ మీద తిరుగుతూ ఉండేవాణ్ణి.

మూడో రోజు వచ్చింది. చెక్క లేదు, ఇటుకల్లేవు. గడ్డి మీద మ్యాట్, కొత్తది, పెద్దది. బూందీ ఇదేదో భలే ఆట అన్నట్టు తోకాడిస్తోంది. ఆ సాయంత్రమే పెద్దమ్మ మా ఇంటికొచ్చింది. అక్క తనే ఫోన్ చేసి అంతా చెప్పిందట.

"నీకు ముందే తెలుసా?"

తలూపాను. పెద్దమ్మ కాసేపు నా వైపే చూసి, "మరి ఆ కుక్క నిజంగా బాగా చేస్తోందా?" అంది.

"లేదు పెద్దమ్మా. మళ్ళీ మొదట్నుంచి."

అక్కకి ఆఫర్ 52వ రోజున వచ్చింది. జీతం తక్కువ, ఆఫీసు దూరం. తీసుకుంది.

ఇప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను, వీడియోలు ల్యాబ్ అయ్యాక చూస్తున్నాను. నిన్న తొమ్మిదో పరుగులో ఎడమ పాదం అంచు మీద ఉంది. నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ జరిపి చూశాను. మిస్ అని రాసి, పదికి ఆరు అని పంపాను.

"సరే, ఈ వారం కూడా నేల మీదే" అని వచ్చింది. దాని వెనకాలే, నాలుక బయటపెట్టి మ్యాట్ మీద పడుకున్న బూందీ ఫొటో.