పసిబిడ్డ తొలి దర్శనం: పూర్ణా మార్కెట్ మీదుగా బురుజుపేటకు

విశాఖపట్నం పాతనగరంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా అమెరికాకో ఇంగ్లండుకో గల్ఫ్ దేశాలకో తరలివెళ్లిన కుటుంబాలలో బిడ్డ పుట్టినప్పుడు, ఆ బిడ్డను స్వదేశంలో మొదట ఎక్కడికి తీసుకువెళ్లాలన్నది చర్చించవలసిన విషయంగా ఎవరికీ తోచదు. పూర్ణా మార్కెట్ దగ్గర పూలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు కొనుక్కుని, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల చెంత బిడ్డను పడుకోబెట్టి దీవెన తీసుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. ఈ అమ్మవారి సన్నిధికి పైకప్పు లేదు, మూలమూర్తికీ భక్తులకూ మధ్య అడ్డు లేదు, ఎవరి పూజ వారే స్వహస్తాలతో చేసుకోవచ్చు. 1912లో రోడ్డు పని కోసం పురపాలక అధికారులు నడివీధిలోని విగ్రహాన్ని పక్కకు జరిపారనీ, 1917లో ప్లేగు వ్యాపించి ప్రాణనష్టం కలిగినప్పుడు ప్రజలు దానికి ఆ తొలగింపే కారణమని భావించి విగ్రహాన్ని యథాస్థానానికి చేర్చారనీ, ఆ తరువాత వ్యాధి శాంతించిందనీ ఆలయ కథనం. అంటువ్యాధి నుంచి ఊరిని కాపాడిన తల్లిగా కొలువందుకుంటున్న దేవత దగ్గరకు వెళ్లేటప్పుడు బిడ్డకు అంటువ్యాధి సోకకుండా జాగ్రత్తపడటం భక్తికి లోటు కాజాలదు.

దర్శనం ఎప్పుడు చేయించాలన్న విషయంలోనే ప్రవాస కుటుంబాలకు చిక్కు వస్తున్నది. పూర్వపు పద్ధతిలో బిడ్డ బయటి లోకానికి మెట్టు మెట్టుగా పరిచయమయ్యేది: పదకొండో రోజున పురిటి స్నానం, ఇరవై ఒకటో రోజున బారసాల, ఆ తరువాత బాలింత చేత నూతిలో చేద వేయించడం, బేసి నెల చూసి అత్తవారింటికి పంపడం. శాస్త్ర గ్రంథాలు ఇంకా నిదానం పాటించాయి. బిడ్డను తొలిసారి ఇంటి గడప దాటించి సూర్యదర్శనం చేయించే సంస్కారానికి నిష్క్రమణమని పేరు; పారస్కర గృహ్యసూత్రం, మనుస్మృతి రెండూ దానికి నాలుగో నెలను విధించాయి. నేటి శిశువైద్యం కూడా తొలి రెండు మూడు నెలలనే అత్యంత జాగరూకత అవసరమైన కాలంగా పరిగణిస్తున్నది. అమెరికాలో మాత్రం 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం అర్హులైన తల్లిదండ్రులకు కల్పించే రక్షణ 12 వారాల జీతం లేని సెలవే కనుక, భారతదేశంలో 2017 సవరణ తరువాత తొలి రెండు కాన్పులకు చట్టం గుర్తించిన 26 వారాల సెలవుతో పోలిస్తే అది సగమైనా కాదు కనుక, ఆ సెలవు ముగిసేలోగా తాతమ్మలకూ అమ్మమ్మలకూ బిడ్డను చూపించి రావాలన్న ఆరాటంతో రెండో నెలలోనే విమానం ఎక్కే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఆరాటాన్ని తప్పుపట్టలేము. అయితే బిడ్డ శరీరం తిరుగు టిక్కెట్టు తేదీని బట్టి బలపడదు.

దీనికి తోడు డిసెంబరు సెలవుల బెడద ఒకటున్నది. ప్రవాసులు ఎక్కువగా వచ్చే ఆ రోజులలోనే మార్గశిర మాసం నడుస్తుంది. మార్గశిర గురువారాలు ఈ అమ్మవారికి అత్యంత ప్రీతికరమైనవని నమ్మిక కాబట్టి బురుజుపేట వీధులు అర్ధరాత్రి మొదలుకొని జనంతో నిండిపోతాయి. చలికాలం శ్వాసకోశ వైరస్‌లకూ, నేలకు దగ్గరగా నిలిచిపోయే దుమ్ముకూ అనువైన కాలం. పెద్దవారికి రెండు రోజుల జలుబుగా పోయే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ రెండు నెలల శిశువులో సన్నని గాలిగొట్టాలను వాచేలా చేసి, పాలు తాగలేని స్థితికీ, ఆక్సిజన్ అవసరమయ్యే స్థితికీ తీసుకుపోగలదు. అందువల్ల మూడు నెలలు నిండని బిడ్డను మార్గశిర గురువారం నాడు క్యూలో నిలబెట్టడం ఎంతమాత్రం తగదు. వేరే మాసంలో, గురువారం కాని రోజున, మార్కెట్ సందడి పెరగకముందే తెల్లవారుజామున వెళ్లినా అమ్మవారు అక్కడే ఉంటుంది.

నవజాత శిశువు అంటే తొలి 28 రోజుల బిడ్డ. నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసే ఆ బిడ్డ, శరీర బరువుతో పోల్చినప్పుడు పెద్దవారికంటే ఎక్కువ గాలిని లోపలికి పీలుస్తుంది. ఓడరేవు పక్కనే ఉన్న పాతనగరం బొగ్గు, ఖనిజాల దుమ్ముతో చాలా కాలంగా బాధపడుతున్నది. మార్కెట్ సందులలో దానికి ఆటోల పొగ, ఎండుమిరప ఘాటు తోడవుతాయి. విదేశాలలో అలవాటైన తోపుడు బండి ఇక్కడ పనికిరాదు. చక్రాలు కదలకపోవడం అటుంచి, అది బిడ్డ ముఖాన్ని సరిగ్గా వాహనాల పొగగొట్టాల ఎత్తులో ఉంచుతుంది. ఛాతీకి ఆనించి ఎత్తుకోవడమే మేలు. గుడ్డతో కట్టుకున్నట్లయితే బిడ్డ గడ్డం రొమ్ముకు నొక్కుకోకుండా, ముక్కు మీద కొంగు పడకుండా, ముఖం ఎల్లప్పుడూ కనిపించేలా చూసుకోవాలి. కారులో వెనుక వైపుకు ముఖం ఉండేలా అమర్చే శిశు ఆసనం తప్పనిసరి. ద్విచక్రవాహనంపై పిల్లలకు హెల్మెట్, రక్షణ పట్టీ ఉండాలన్న 2022 నాటి కేంద్ర నిబంధనలలో హెల్మెట్ వయసు తొమ్మిది నెలల నుంచి మొదలవుతుంది. అంతకంటే చిన్న బిడ్డ మెడ హెల్మెట్ బరువును మోయలేదు కాబట్టి, స్కూటరుపై తల్లి ఒడిలో పసికందును తీసుకువెళ్లడం ఎంత దగ్గర దూరమైనా మానవలసిన అలవాటు.

టీకాల విషయంలో ప్రవాస శిశువులకు ప్రత్యేకమైన లోటు ఒకటి ఉన్నది. భారతదేశంలో పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే క్షయకు బీసీజీ వేసి, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మొదలైనవాటికి టీకాలను ఆరు, పది, పద్నాలుగు వారాలలో ఇస్తారు. అమెరికాలో బీసీజీ సాధారణంగా వేయరు, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకాలు రెండు నెలల వయసులో గానీ మొదలు కావు. బ్రిటన్‌లో మాత్రం తల్లిదండ్రులలో లేదా అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలలో ఒకరు క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో పుట్టినవారైతే బిడ్డకు బీసీజీ ఇస్తారు. కాబట్టి ప్రయాణానికి కనీసం నెల ముందే శిశువైద్యునితో మాట్లాడటం అవసరం. ఆరు నెలలు దాటిన బిడ్డతో విదేశీ ప్రయాణం చేసేవారికి తట్టు టీకా ముందుగా ఒక మోతాదు ఇవ్వాలని అమెరికా వైద్యులు సూచిస్తారు. కోరింత దగ్గు టీకాను తల్లి గర్భం చివరి నెలల్లోనే తీసుకుంటే, ఆమెలో తయారైన ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకు చేరి తొలి వారాలలో కాపాడుతాయి. బిడ్డను ఎత్తుకోబోయే తాతయ్యలకూ అత్తయ్యలకూ దగ్గు, జలుబు ఉంటే ఆ పూట దూరం నుంచే చూడమని చెప్పడానికి మొహమాటపడకూడదు. చేతులు కడుక్కోమనడం, ముద్దులు పెట్టవద్దనడం అమర్యాద కాదు.

దర్శనానికి బయలుదేరే ముందు ఇంట్లో జరిగే సింగారం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దానికి కావలసిన సరుకంతా పూర్ణా మార్కెట్ వంటి బజారులోనే దొరుకుతుంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మరే పొగకంటే మంచిది కాదు. అంగడి కాటుకలలో కొన్నింటిలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. కంటిలో పెట్టిన కాటుక చేతుల మీదుగా నోటికి చేరి, ఎదుగుతున్న మెదడుకు హాని చేయగలదు. దిష్టి చుక్క కావాలనుకునేవారు అరికాలికి పెట్టి, గుడి నుంచి రాగానే కడిగేయవచ్చు. నాలుకకు వస రాయడం వల్ల వాంతులు, మత్తు కలిగే ప్రమాదం ఉన్నది. గుడిలో ఇచ్చే పంచామృతంలో తేనె ఉంటుంది. తేనెలో ఉండే అవకాశమున్న ఒక సూక్ష్మజీవి బీజాలు ఏడాది లోపు పిల్లల పేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేలా చేసే బాట్యులిజం అనే వ్యాధిని తెచ్చిపెట్టగలవు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీటి చుక్క కూడా అవసరం లేదు కనుక తీర్థ ప్రసాదాలను బిడ్డ తరఫున తల్లి స్వీకరిస్తే చాలు.

అమ్మవారి పాదాల దగ్గర పాలతో, పసుపు నీళ్లతో నేల తడిసి జారుతుంది. అక్కడ మెత్తని పొడి గుడ్డ మీద క్షణకాలం బిడ్డను ఉంచి వెంటనే ఎత్తుకోవడంతోనే మొక్కు తీరుతుంది. తిరిగివచ్చిన కొద్ది రోజులలో బిడ్డ పాలు తాగడం మానినా, ఊపిరికి డొక్కలు ఎగిరినా, మూడు నెలలలోపు బిడ్డకు ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరినా, ఇంట్లో చుక్కల మందు వేసి మర్నాటి వరకు వేచి ఉండక ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చాలి. పూర్ణా మార్కెట్ నుంచి మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి దూరం కాదు.