ఒట్టితునకల క్యారేజీ

పెద్దల మాట చద్దిమూట అని మా బడి గోడ మీద రాసి ఉండేది. ఆ చద్దిమూట ఎవరు కడతారో, అది మధ్యాన్నం దాకా చెడిపోకుండా ఎట్టా ఉంటదో ఏ పంతులూ చెప్పలేదు. మా అమ్మను చూసి తెలుసుకున్నా.

మాది చీరాల పక్కన మాదిగపల్లె. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా అమ్మ కూలికి పోయేది. సంక్రాంతి దాటితే మిరక్కాయ కోతలు, పత్తి తీతలు. ఆ తర్వాత పొగాకు పని. పొద్దున ఆరింటికల్లా ముఠాతో బయల్దేరాలి. అన్నాలకు లేచేది ఒంటిగంటకు. అంటే కట్టిన కూడు ఏడు గంటలు ఎండకు తట్టుకోవాలి. మా పల్లెలో చానా ఇళ్లకు కరెంటే లేదు. ఇంక ఫ్రిజ్జు మాట ఎవరికి తెలుసు?

ఎండాకాలం సద్దన్నమే. రాత్రి మిగిలిన అన్నంలో మెతుకు మునిగేదాకా నీళ్లు పోసి కుండలో మూతేసి పెట్టేది. మెతుకు నీళ్లపైకి తేలితే తెల్లారేసరికి పైపొర చెడుద్ది. పొద్దున ఆ పులిసిన నీళ్లలో ఉప్పేసి మాకు తాగను పోసేది. అన్నం పిండి క్యారేజీలోకి తీసి, మజ్జిగ దొరికితే మజ్జిగ, లేకపోతే ఉప్పు. పక్కన ఒక ఉల్లిపాయ, కొయ్యకుండా. తినేటప్పుడు పిడికిలితో గుద్దుకోవాలి.

“పులిసింది వేరు, పాసింది వేరురా అయ్యా. పులిసింది వొంటికి చలవ. పాసింది కుక్క కూడా ముట్టదు” అనేది. పులిసిన అన్నంలో పెరిగే మేలుచేసే సూక్ష్మజీవులు పులుపు పుట్టించి, చెడగొట్టేవాటిని పెరగనియ్యవని నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నా. మా అమ్మకు అది ముక్కుతో తెలుసు.

చలికాలం వేడన్నం. గంజి వార్చి, వెడల్పాటి సత్తు పళ్లెంలో ఆరబోసి, ఆవిరి పోయాకే గిన్నెకెత్తేది. వేడి మీద మూతేస్తే మూతకు చెమట పట్టి, ఆ చుక్కలు అన్నంలో పడి తినే యాళకి తీగ సాగుద్ది. పప్పు కడితే మావిడికాయ వేసి గట్టిగా ఎనిపి కట్టేది. లేకపోతే గోంగూర పచ్చడి, పండుమిరక్కాయ పచ్చడి, వాడరేవు నుంచి గంపల్లో వచ్చే ఎండుచేపలు నిప్పుల మీద కాల్చినవి.

వీటన్నిటికంటే ఎక్కువ నిలిచేవి ఒట్టితునకలు. పెద్దకూర తెచ్చిన ఆదివారం సగం వండి, మిగతా సగం పొడుగ్గా వారులు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద వేసేది. కాకులకు నేను కాపలా. మూడు నాలుగు ఎండలకు కట్టెల్లాగా అయ్యేవి. కుండలో పోసి వాసెన కడితే నెలల తరబడి ఉండేవి. కావాల్సినప్పుడు కాల్చి, రోట్లో నలగ్గొట్టి, గోంగూరేసి నీళ్లు ఇగిరిపోయేదాకా ఉడికించేది. ఆ కూర కట్టిన రోజు మా అమ్మ నడకే వేరుగా ఉండేది.

సెలవుల్లో నేనూ మిరక్కాయ కోతకు పోయేవాణ్ణి. చేలో యాపచెట్టు కొమ్మకు చీమలకూ కుక్కలకూ అందకుండా మా క్యారేజీలూ మూటలూ వరసగా వేలాడేవి. కాయ కోసి మండే వేళ్లు సద్దన్నంలో పెడితే పానం లేచొచ్చేది. పొగాకు పచ్చాకు కొట్టే రోజుల్లో జిగురు నల్లగా చేతులకు పట్టి ఎంత కడిగినా పోదు. ముద్ద చేదు. మా అమ్మ బాదమాకు మడిచి దాంతో తీసుకుని తినేది.

అన్నం మేం మోసుకుపోయేవాళ్లం. నీళ్లు మాత్రం ఆసామి బావివే. చేతిలో చెంబున్నా ముంచకూడదు. వాళ్లు పైనుంచి పోస్తే మేం దోసిలి పట్టాలి. కట్టుకొచ్చిన కూటికి ఎవర్నీ అడగబన్లేదు. అది గొంతు దిగాలంటే అడగాలి.

బళ్లో మా తెలుగు పంతులు పోతన భాగవతం చెప్పేవాడు. కృష్ణుడు గొల్లపిల్లలతో గుండ్రంగా కూచుని చల్దులు తినే ఘట్టం చెబుతుంటే ఆయన కళ్లు చెమర్చేవి. ఒకరి చద్ది ఒకరు లాక్కుని తిన్నారంట. గంట కొట్టగానే మేం నలుగురం పల్లె పిల్లలం ప్రహరీ గోడ పక్కకు పోయి, మా చల్దులు మేం తినేవాళ్లం. ఎవరూ లాక్కోలేదు.

1985 జూలై 16న మాకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోని కారంచేడులో నీళ్ల దగ్గరే గొడవ మొదలైంది. మాదిగలు తాగే చెరువు నీళ్లు మురికి చెయ్యొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త చేతిలోని నీళ్లబిందె ఎత్తింది. మర్నాడు కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్లను చెరిచారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

నాకప్పుడు పదమూడేళ్లు. తెల్లారి మా అమ్మ ఎప్పట్లాగే క్యారేజీ కట్టింది. కానీ ముఠాతో పోలేదు. చర్చి వైపు తిరిగింది. నేను నీళ్ల బిందె మోసుకుంటా వెనక నడిచా. ఒక ముసలామె అన్నం ముట్టలేదు. నీళ్లు అనగానే అలవాటుగా రెండు చేతులూ దోసిలి పట్టింది. మా అమ్మ ఆ చేతులు కిందికి దించి, చెంబు ఆమె చేతికిచ్చింది.

ఆ సెప్టెంబరు 1న చీరాలలోనే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు మాటలు, బొజ్జా తారకం మాటలు మా పల్లెలో పొయ్యిల కాడ కూడా చెప్పుకునేవాళ్లు. బాధితులు మళ్లా ఆ వూరు పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకుని నిలబడ్డారు. ఇదంతా కళ్లారా చూసి పెరిగినవాణ్ణి నేను. అట్టాంటోణ్ణి ఏం పని చేశానో చూడండి.

1994లో నాకు తెనాలిలో ఉద్యోగం వచ్చింది. రోజూ రైలు. బాపట్ల, నిడుబ్రోలు, చుండూరు దాటి తెనాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపిన చుండూరే అది. అక్కడ బండి ఆగినప్పుడల్లా ఒళ్లో క్యారేజీని గట్టిగా పట్టుకునేవాణ్ణి.

ఆఫీసులో మధ్యాన్నం అందరూ ఒక బల్ల చుట్టూ కూచుని కూరలు పంచుకునేవాళ్లు. కొడుకు గుమస్తా అయ్యాడని మా అమ్మ తనకు తెలిసినవాటిలో మంచిది కట్టింది, ఒట్టితునకలూ గోంగూరా. నేను మూత తీశాను. పక్కాయన, “ఏం కూరండీ, వాసన కొత్తగా ఉందే?” అన్నాడు.

“ఎండుచేపలండీ” అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు. కులమేదని అడగలేదు. నేనే, అడక్కముందే, అబద్ధం చెప్పాను.

మర్నాటినుంచి ఆ కూర కట్టిన రోజు తెనాలిలో దిగగానే ప్లాట్‌ఫారం చివరికి పోయి గిన్నెలు కుక్కల ముందు బోర్లించేవాణ్ణి. పంపు దగ్గర కడిగేసి, మధ్యాన్నం హోటల్లో తినేవాణ్ణి. “కూర బాగుందే అమ్మా” అని సాయంత్రం చెప్పేవాణ్ణి.

పదిరోజులు గడిచాయి. ఒక రాత్రి మా అమ్మ గిన్నె దీపం ముందు పెట్టి తిప్పి చూసింది.

“మధ్యాన్నం తిన్న గిన్నెకి సందేళకి మెతుకు ఎండి అతుక్కుంటదిరా. నీ గిన్నె తోమకముందే తోమినట్టుంటంది.”

నేను తలొంచుకున్నా.

“కుక్కలకేశావా?”

నేను మాట్లాడలేదు.

“పోన్లే. అయ్యన్నా తిన్నయ్” అని లేచి పొయ్యి కాడికి పోయింది.

తెల్లారి క్యారేజీలో మావిడికాయ పప్పు ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ తునకలు కట్టలేదు. తిట్టలేదు, అడగలేదు. కొన్నాళ్లకు ఇంట్లో ఎండబెట్టడం కూడా మానేసింది. దండెం మీద బట్టలే మిగిలినయ్. మా అమ్మ 2009లో పోయింది.

2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండగ చేశారు. గొడవలు జరిగాయి, రాళ్లు పడ్డాయి. నేను మూత కింద దాచిందాన్ని ఆ పిల్లలు ఆరుబయట వండి అందరికీ వడ్డించారు. పేపరు చదువుతా చాలాసేపు కూచున్నా. వాళ్లను మెచ్చుకోవడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఇప్పుడు మా ఆఫీసులో ఫ్రిజ్జుంది, మైక్రోవేవుంది. మాంసాహారం పెట్టవద్దని ఫ్రిజ్జు తలుపుకి కాగితం అంటించారు. ఒట్టితునకలకు ఫ్రిజ్జు అక్కర్లేదు. ఆ సంగతి బల్ల దగ్గర చెప్పి, మూత తీసి తినాలని నా కోరిక. తినాలంటే చేసుకోవాలి గదా.

హైదరాబాదులో చదివే నా కూతురు మొన్న ఫోన్ చేసింది. “నాన్నా, హాస్టలు రూంలో ఫ్రిజ్జు లేదు. నాయనమ్మ తునకలు ఎట్టా ఎండబెట్టేదో చెప్పు” అంది. వారులు కోసే తీరు, దండెం, ఎండలు, వాసెన, అన్నీ చెప్పాను. “కేజీకి ఉప్పెంత?” అంది. నా దగ్గర మాట లేదు. వద్దు వద్దు అన్నవాణ్ణి ఎంత వెయ్యాలని ఎప్పుడడిగాను?

ఆదివారం పల్లెకు పోయి మా పెద్దమ్మను అడిగా. ఎనభై దాటింది. కళ్లు ఆనవు. ఉప్పు డబ్బా తెమ్మని చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది.

“ఇంత” అంది. నేను నా గుప్పెడు పట్టి చూపించబోతే, “నీ చెయ్యి కాదురా, మీ అమ్మ చెయ్యీ నా చెయ్యీ ఒకటే. నాదే లెక్క” అంది.

ఆ గుప్పెడు ఉప్పునే కాగితంలో పొట్లం కట్టుకుని బండెక్కాను, నా కూతురికి ఇద్దామని.