పరిశోధన – పరిపాలన

పరిశోధన అనగానే మన కళాశాలల్లో ఒక పట్టా, అట్టకట్టిన ఒక సిద్ధాంతగ్రంథం, గ్రంథాలయంలో దానిపై పేరుకొన్న దుమ్ము – ఈ మూడే కన్నులముందు మెదలుతాయి. సాహిత్యం చదువుకొన్న మాకు ఆ దుమ్ముతో చిరకాల పరిచయం. కాని ఒక పరిశోధన ప్రభుత్వ కార్యాలయానికి, అక్కడినుండి పల్లె ఆసుపత్రికి, తుదకు రోగి ఇంటికి చేరడం ఎట్లా సాధ్యమన్న ప్రశ్న కొంతకాలంగా మమ్ము వెంటాడుతున్నది. ఇందుకు క్షయవ్యాధి చరిత్రకు మించిన నిదర్శనం మన దేశంలో మాకు కానరాలేదు.

తెలుగులో క్షయ అంటే తరిగిపోవడం. చంద్రుని కళలు తరుగుటకు ఈ రోగమే కారణమని పురాణగాథ. ఉర్దూ పెద్దలు దీనినే తపేదిఖ్ అన్నారు. పేరేదైనా, గత శతాబ్దపు మధ్యకాలం వరకు చికిత్స అంటే శానిటోరియమే. మన మదనపల్లె సమీపాన ఉన్న ఆరోగ్యవరం అట్టిదే. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం – వీటికై రోగి నెలల తరబడి ఇల్లు విడిచి ఉండవలసి వచ్చేది. రోగులు లక్షలు, పడకలు వేలు.

అప్పటికి మందులు వచ్చినవి. వాటిని ఇంటివద్దనే ఇస్తే చాలదా? ఇది ఏ పండితునికో తీరికవేళ తోచిన సందేహం కాదు. పడకలు చాలని ప్రభుత్వానికి ఎదురైన ప్రశ్న. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రం దీనికి సమాధానం వెదికింది. 193 మంది పేద రోగులను, చీటీలు తీసిన చందాన, రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని శానిటోరియానికి పంపి, మరొక వర్గాన్ని తమ ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఉభయులకూ ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం వెలువడింది. శానిటోరియంలో నూటికి 92 మందికి, ఇంటివద్ద 86 మందికి వ్యాధి అణగింది. ఇంటివద్ద ఉన్నవారి తిండి నాసిరకం, పని ఎక్కువ. అయినా తేడా స్వల్పమే. వారితో కలిసి బ్రతికిన కుటుంబసభ్యులకూ అదనపు ప్రమాదం కనిపించలేదు. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ కార్యక్రమం ఇంటి చికిత్సనే పునాదిగా స్వీకరించింది. మూడేండ్లు! మన విశ్వవిద్యాలయాల్లో ఒక సిద్ధాంతగ్రంథం పరీక్షకుల వద్దనుండి తిరిగి రావడానికే ఒక్కొక్కప్పుడు ఇంతకాలం పడుతుంది. ఈ వేగానికి కారణం ఫలితం గొప్పదనం ఒక్కటే కాదని మా అభిప్రాయం. నిర్ణయించవలసినవారికే ఆ ప్రశ్న అవసరమైనది; కనుక సమాధానం వచ్చేసరికి అందుకొనే చేయి సిద్ధంగా ఉన్నది.

ఐతే నిర్ణయం జరిగినంతమాత్రాన అది రోగిని చేరినట్లు కాదు. బెంగుళూరు జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్‌లు తుమకూరు పల్లెల్లో విచారించి 1963లో ఒక అధ్యయనం ప్రకటించారు. రోగుల్లో సుమారు సగంమంది తమంతట తామే వైద్యానికి వెళ్ళినవారని తేలింది. వారికి దక్కినది మాత్రం దగ్గుమందు. అందుచేతనే దగ్గుతో వచ్చినవారి తెమడ పరీక్షించవలెనని కార్యక్రమం విధించింది. ఆ మాట వ్రాతలో ఉండి అరువదేండ్లు కావస్తున్న రోజుల్లో, బీడీలు చుట్టి బ్రతికే మా ఖాలా ఒక ఆసుపత్రి చుట్టూ మూడు నెలలు తిరిగి మూడు దగ్గుమందు సీసాలు తెచ్చుకొన్నది. మరొకచోట ఎవరో తెమడ పరీక్ష చేయమన్న తరువాతగాని జబ్బు పేరు తెలియలేదు. ఆ మూడు నెలలూ ఆమె ప్రక్కనే మనుమలు పడుకొన్నారు. ఆనాటి అధ్యయనాన్ని ఆ ఆసుపత్రి వైద్యుడు చదివి ఉండనక్కరలేదు. దాని సారం ఆయన బల్లమీది చీటీలోనికి దిగి ఉంటే చాలును.

ఇక తిండి సంగతి. మందులుంటే నాసి తిండితోనూ రోగం కుదురునని మద్రాసు చెప్పింది. దానిని పట్టుకొని తిండితో పనే లేదనుకొన్నవారు లేకపోలేదు. కాని కుదరడం వేరు, ఇంటివారికి రాకుండుట వేరు. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో రోగులందరికీ ఆహారం ఇచ్చి, కొన్ని ప్రాంతాల్లో కుటుంబసభ్యులకు కూడా నెలనెలా సరుకులు ఇచ్చారు. ఆ కుటుంబాల్లో కొత్తగా క్షయ బయటపడడం నూటికి 39 వంతులు తగ్గింది. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన పోషణ సహాయాన్ని 2024 నవంబరు నుండి 1000కి పెంచారు. సంతోషమే. కాని ఆ సొమ్ము రోగి పేర వస్తుంది. కుటుంబసభ్యుల ఆహారాన్ని దాతల బుట్టలకు విడిచారు. ప్రశ్న కుటుంబం గురించి అడిగి, సమాధానాన్ని ఒక్కరికే అమలుచేసినట్లున్నది.

మా ఖాలాకు అందినది పాత లెక్కన నెలకు 500. ఆ ఇంట కంచాలు అయిదు.