గుర్రం దాణా అని ఎవరైనా అంటే

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

ఏజెన్సీ నుంచి టౌను హాస్టల్‌కి వచ్చిన మనలో చాలామంది ఒక మాట వినే ఉంటారు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఉలవలు గుగ్గిళ్ళు చేసుకుంటే "గుర్రం దాణా తింటున్నార్రా" అంటారు. మాలో ఒక తమ్ముడైతే ఆ మాటకి ఉలవల మూట విప్పడమే మానేశాడు. అన్నవాళ్ళేమో పొద్దున్నే పాలల్లో ఓట్స్ కలుపుకుని తింటారు. సరే, ఆ ఓట్స్ సంగతేంటో చూద్దామని చదివాం. నవ్వొచ్చింది.

ఓట్స్ ఐరోపాలో తరతరాలుగా గుర్రాలకి పెట్టే గింజ. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో, ఇంగ్లండులో గుర్రాలు తినే ఈ గింజని స్కాట్లండులో మనుషులు తింటారని ఎగతాళిగా రాశాడు. అప్పుడూ గింజ ఇదే! ఇప్పుడు గుండెకి మంచిదని రంగు ప్యాకెట్లో వస్తోంది. మంచిదే, అబద్ధం కాదు. అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది.

అసలు సంగతి ఇక్కడుంది. తెలిసినవాళ్ళు గుర్రానికి ఓట్స్ ఒక్కటే పెట్టరు, తోడుగా అల్ఫాల్ఫా వేస్తారు. మన పశువుల డాక్టర్లు లూసర్న్ గడ్డి అనేది దాన్నే. అది పప్పుజాతి మొక్క. ఓట్స్‌లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అల్ఫాల్ఫా ఆ కాల్షియం లోటు తీరుస్తుంది.

ఇది మన కొండ గుర్రాలకి పనికొచ్చే మాట. రోడ్డు లేని ఊళ్ళకి రేషను బియ్యం, సంతకి మిరియాలు మోసేవి అవే కదా. చవకని తవుడు మీదే నెట్టుకొస్తే కష్టం. తవుడులో భాస్వరం ఓట్స్ కంటే చాలా ఎక్కువ. వెనకటికి పిండిమరల వాళ్ళ గుర్రాలు తవుడు తినీ తినీ ఎముకలు గుల్లబారి, ముఖం ఉబ్బిపోయేవి. ఇంగ్లీషులో ఆ జబ్బుకి మిల్లర్స్ డిసీజ్ అనే పేరే ఉంది. కాబట్టి ముందు కడుపునిండా గడ్డి, ఉలవ నూర్చాక మిగిలిన కట్టె. తవుడు కొద్దిగానే. ఉలవలు నానబెట్టి, ఉడికించి, అవీ కొంచెం కొంచెంగా. గుర్రం కడుపు ఒంటితో పోలిస్తే చిన్నది, పైగా అది వాంతి చేసుకోలేదు. ఒకేసారి గింజ ఎక్కువైతే కడుపునొప్పితో ప్రాణం మీదకి వస్తుంది.

మనుషులకీ అల్ఫాల్ఫా మాత్రలు, మొలకలు అమ్ముతున్నారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు, అందులో విటమిన్ కె ఎక్కువ. మనకైతే కొనే పనే లేదు, పప్పుజాతి తోడు ఉలవల రూపంలో ఇంట్లోనే ఉంది. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులు. చోళ్ళలో కాల్షియం 340 మిల్లీగ్రాముల పైనే, ఓట్స్‌లో 50 దాటితే గొప్ప. మాంసకృత్తుల్లో మాత్రం ఓట్స్ చోళ్ళని మించుతాయి, ఆ మాట ఒప్పుకోవాలి. అందుకే చోడి అంబలి పక్కన ఉలవచారు ఉండాలి. గింజల్లో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో దొరుకుతుంది. అమ్మమ్మలకి ఆ పేరు తెలియదు గానీ వడ్డించడం తెలుసు.

ఇంట్లో గుర్రం ఉన్నవాళ్ళు నాన్నల్ని అడిగి, ఏ కాలంలో ఏం మేపుతారో కింద రాయండి. ఆ గడ్డి పేరు కువిలోనో కోయలోనో ఎలా అంటారో అలాగే రాయండి.