ఆ బండి ఫోర్డు కాదు!

మద్రాసులో తెలుగు సినిమా వెలిగిన రోజుల్లో డ్రైవరు పని చేసిన ఎవరింటికైనా వెళ్లి అడిగి చూడండి... "మా తాత నాగేశ్వరరావు గారి కారు తోలాడు" అనో, "భానుమతి గారి కారు తోలాడు" అనో చెబుతారు. అంతమందీ తోలి ఉంటే పాపం ఆ కార్లకి క్షణం తీరిక ఉండేది కాదు! మా ఇంట్లో మాత్రం ముత్తాత గురించి ఎవరూ అలా గొప్పలు పోలేదు. ఆయన పేరెత్తితే చాలు, అమ్మమ్మ మొహం తిప్పేసుకునేది.

కారణం ఉంది. అమ్మమ్మ 1948 డిసెంబరులో గుడివాడ దగ్గర ఓ పల్లెటూళ్లో పుట్టింది. తల్లి పురిట్లోనే పోయింది. పెంచింది మేనత్త. "నువ్వు కడుపులో ఉండగానే మీ నాన్న మద్రాసు చెక్కేశాడు. నీ మొహం చూడటానిక్కూడా రాలేదు" అని ఆవిడ జన్మంతా దెప్పింది. కాదని చెప్పడానికి ఆయన లేడు. 1952లో అక్కడే జ్వరమొచ్చి పోయాడు.

మిగిలింది ఒక్క ఫోటో. కాకీ డ్రస్సు, నెత్తిన టోపీ, కారు ముందు నిటారుగా నిలబడ్డ పాతికేళ్ల కుర్రాడు. వెనక కాపీయింగ్ పెన్సిలుతో "ఇల్లు వదిలి వచ్చిన పదోనాటికి డ్యూటీ దొరికింది. ఇదే బండి" అని రాసుంది. తేదీ లేదు! ఉంటే ఈ గొడవే లేకపోను.

సినిమా వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి. పాత స్టిల్సులో వెనకాల కనిపించే కార్లని బట్టి కాలం పసిగట్టడం నాకు అలవాటే. మనుషులు వయసు దాచగలరేమో గానీ కారు దాచలేదు.

ఇంట్లో అందరూ దాన్ని ఫోర్డు అనేవారు. ఆ తరానికి పెద్ద కారు కనిపిస్తే ఫోర్డే అనుకోండి! అయినా కొట్టిపారెయ్యడానికి లేదు. కారు ముందు తుపాకీ గుండులా ఓ గుండ్రటి మొన ఉంది. 1949 మోడల్ ఫోర్డుకీ అలాంటిదే ఉంటుంది. ఆ మోడల్ అమెరికాలో 1948 జూన్‌లోనే బయటికొచ్చింది. అంటే మేనత్త మాట నిజం కావడానికి ఆర్నెల్ల వ్యవధి ఉందన్నమాట. నా గుండె గుభేలుమంది.

భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఫోర్డుకి ముందు భాగమంతా ఒకటే వెడల్పాటి గ్రిల్. దానికి అడ్డంగా కమ్మీ, కమ్మీ నడుమ గుండు. ఈ ఫోటోలో అలా లేదు. గుండు ఇంకా పైన ఉంది. బానెట్టే సాగి సాగి ముక్కయినట్టు, విమానం పంకా మధ్యలో ఉండే మొనలాగా! చుట్టూ తళతళలాడే ఉంగరం. కింద గ్రిల్ రెండు ముక్కలుగా విడిపోయింది. ఒక ముక్కని ముత్తాత కాళ్లు దాచేశాయి గానీ రెండోది స్పష్టంగా ఉంది.

సందేహం లేదు... స్టూడీబేకర్! 1852లో గుర్రబ్బళ్ల పనితో మొదలై, 1966లో కార్లు చెయ్యడం మానుకున్న అమెరికా కంపెనీ. ఆ రోజుల్లో మన హిందూస్థాన్ మోటార్స్ వారు ఈ బళ్లు ఇక్కడే బిగించేవారు. ఈ గుండు ముక్కు 1950, 51 మోడళ్లకే ఉండేది. 1952లో తీసేశారు. 1950 మోడల్ అమెరికా బజార్లోకి వచ్చిందే 1949 ద్వితీయార్ధంలో. సముద్రాలు దాటి మద్రాసు రోడ్డెక్కేసరికి ఇంకెన్ని నెలలో!

అప్పటికి అమ్మమ్మ పారాడే పిల్ల. బహుశా అడుగులు కూడా వేస్తూ ఉంటుంది.

ఇదంతా విడమరిచి చెప్పాను. ముక్కులూ గ్రిల్లులూ ఆవిడకి ఏం ఎక్కాయో తెలీదు గానీ ఫోటోని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే నన్నెత్తుకునే ఉంటాడంటావా?" అంది.

"తల్లి లేని పిల్లవి. ఎత్తుకోక ఏం చేస్తాడు అమ్మమ్మా?"

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఈ మాట మా మేనత్తతో అందామంటే, ఆవిడ పోయి ముప్పై ఏళ్లయింది కదరా!"